మూడు నిమిషాల వందనాలు

ఉదయం ఆరుంబావుకు బాన్సువాడ బస్టాండులో టీ తాగుతుంటే, మెడలో ప్రతినిధి కార్డుతో ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాడు. తమ క్రైస్తవ సంఘాల జాతీయ మహాసభ నుంచి వస్తున్నాడు. పది కుటుంబాలు కూడా లేని చర్చిలను మూసి, పెద్దవాటిలో కలపాలన్నది అక్కడి తీర్మానం. తన ఊరి చర్చిని ఉంచమని అడగడానికి వెళ్లాడట.

"మాట్లాడిండ్రా?" అన్నాను.

"మూడు నిమిషాలిచ్చిండ్రు సార్. వేదిక మీది అయ్యగార్లందరికీ పేరుపేరునా వందనాలు చెప్పేసరికి గంట కొట్టిండ్రు. ఇగ చేతులెత్తమన్నరు. తీర్మానం గెలిచింది."

నవ్వబోయి ఆగాడు. "ఊళ్లె అడిగితే ఏం జెప్పాలె?"

ఆ ఏడాదే నా భార్య పోయింది. ఆమెకు చెప్పాల్సినవి నా దగ్గరా మిగిలిపోయాయి. ఆయన రుద్రూర్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆయన ఊరి చర్చిలో ఇప్పుడు ఆదివారం గంట కొట్టడం లేదు.