ఫ్యూజు నిలిచిన మధ్యాహ్నం

మా చర్చి యాంప్లిఫయర్ స్విచ్ వేసిన మరుక్షణమే ఫ్యూజు కొట్టేస్తోంది. కొత్తది పెట్టడం, అది టప్పున పోవడం. ఆ ఆదివారం పాటలు మైకు లేకుండానే పాడారు. ఆ మైకులో అందరికంటే ఎక్కువ పాడింది నా భార్య. ఆవిడ కువైట్లో ఒకరింట్లో పిల్లల్ని చూసే పనికి వెళ్లినప్పుడే ఈ డబ్బాకు సగం నోరు పడిపోయిందనుకున్నాను. ఇప్పుడు పూర్తిగా మూసుకుంది.

బాగుచేయడం నాకు వచ్చు. అరకులో పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టే పని చాలాకాలం చేశాను. దాన్ని ఇంటికి తెచ్చి అరుగు మీద విప్పాను. పక్కింటి పెద్దమ్మ వచ్చి కూర్చుని, ఫ్యూజు బదులు రాగితీగ చుట్టేస్తే పోలా అంది. ఆ సలహా ఇవ్వనివాళ్లు ఈ కొండల్లో లేరు. తీగ నిలుస్తుంది, లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

నిజానికి నా మనసు పనిమీద లేదు. ముందురోజు నా భార్య వాయిస్ మెసేజ్ పెట్టింది. ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, ఏమంటావని. గొంతు మామూలుగానే ఉంది. అక్కడ తనకు బాగుంటే, నా బెంగ కోసం రమ్మనడం ఎలా? బెంగ మాత్రం నిజం. ఒక్కడికే వండుకున్న అన్నానికి రుచి ఉండదు. జవాబు కక్కలేక మింగలేక ఉన్నాను.

స్పీకర్లు విప్పేసినా ఫ్యూజు పోయింది కాబట్టి తప్పు లోపలే ఉంది. కరెంటు దారిలో పాత బల్బు ఒకటి సిరీస్‌లో కలిపాను. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఫ్యూజు బతుకుతుంది. వెలిగింది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటే విప్పుతూ పోతే, ఒకదాని కింద అభ్రకం రేకు, అదే మన కాకిబంగారం, చిట్లి ఉంది. ట్రాన్సిస్టర్ ఒళ్లు, తగలకూడని అల్యూమినియం పలకకు తగులుతోంది. రేకూ ట్రాన్సిస్టరూ మార్చాను. ఈసారి బల్బు ఒక్కసారి మెరిసి మసకబారింది. పాపం, పోయిందా అని పెద్దమ్మ జాలిపడింది. బల్బు వెలగకపోతేనే బాగుపడినట్టని ఆవిడను నమ్మించేసరికి నా తాతలు దిగొచ్చారు.

బల్బు తీసి, కొత్త ఫ్యూజు వేసి, స్పీకర్లు తగిలించాను. ఫ్యూజు నిలిచింది. వాయించి చూడాలిగా. ఫోనుకు తీగ పెట్టి ముందు కనబడిందే నొక్కాను. నా భార్య మెసేజే.

"ఏటి సేత్తన్నావు? తిన్నావా? నాను బాగానే ఉన్నాను. ఇంకో రెండేళ్లు ఉండమంతన్నారు. ఏటంతావు?"

వీధి వీధంతా వినబడింది. కాఫీ గింజలు ఆరబోస్తున్నవాళ్లు తలెత్తి నవ్వారు. సిగ్గేసి ఆపబోయాను. మాటలైపోయినా మెసేజ్ అయిపోలేదు. ఫోన్లో విన్నప్పుడల్లా నేను అక్కడే ఆపేసేవాణ్ని, మిగిలింది ఖాళీ అనుకుని. ఇప్పుడు పెద్ద స్పీకర్లలోంచి ఊపిరి వినబడుతోంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మళ్లీ ఊపిరి. ఏడుపు బయటికి రాకుండా కొంగు అడ్డుపెట్టుకుంటే అలాగే ఉంటుంది. ఆవిడతో కాపురం చేసినవాణ్ని, నాకు తెలియదా?

నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. పెద్దమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"గుంట ఏడస్తంది. ఇంకా ఏటి సూత్తన్నావు?"

ఫోను తీగ లాగేసి, మెసేజ్ పెట్టే బటన్ నొక్కి పట్టుకున్నాను.

"ఉండొద్దు," అన్నాను. "నాకూ ఇక్కడ బాగోలేదు. బేగొచ్చీ."