శాలువా కప్పి మైకు లాక్కున్నారు

నాకు శాలువాలంటే ఒళ్ళుమంట. చలికి కప్పుకునేవి కాదు, స్టేజీ మీద కప్పేవి. మా తెలుగు సంఘం వాళ్ళు ఒక పెద్దావిడకి శాలువా కప్పిన సాయంత్రం నుంచీ ఈ మంట ఉంది. ఇప్పట్లో తగ్గేలా లేదు, తగ్గాలని నాకూ లేదు.

నేను ఉండేది సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో. వారమంతా ఒక ఆఫీసులో ఫోన్లు ఎత్తుతాను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మా కమ్యూనిటీ రేడియోలో తెలుగు గంట నడుపుతాను. జీతం లేదు, పేరు లేదు, అయినా వదల్లేను. నా ముందు గంట ఆ పెద్దావిడది. కరీబియన్ దీవుల్లో ఒక బుల్లి దీవి నుంచి వచ్చిన మనిషి. అక్కడ పత్రికలో రిపోర్టరుగా చేసింది, రేడియోలో వార్తలు చదివింది, నాటకాలు రాసి బడి ఆవరణల్లో ఆడించింది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా ఆవిడ మాటలు నాకు తెలుగులోనే గుర్తుండిపోయాయి. ఆవిడ నన్ను పిలిచే పిలుపుకి మన ‘పిల్లా’ సరిగ్గా సరిపోతుంది. ఈ పిల్లకి యాభై దాటాయి లెండి.

భర్త ఉద్యోగం కోసం సిడ్నీ వచ్చాక ఆవిడకి దొరికిన పనులు వింటే మీకూ కాలుతుంది. పత్రికల వాళ్ళు వంటల గురించి రాయమన్నారు. రేడియో నాటకాల వాళ్ళు పనిమనిషి వేషం ఇచ్చారు, మంత్రగత్తె వేషం ఇచ్చారు, ఒకసారి ఇండియన్ కొట్టు యజమాని భార్య వేషం కూడా ఇచ్చారు. “మీ యాస నేనే పెట్టాను పిల్లా, ఏమీ అనుకోకు” అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒంటి రంగు చూసి వేషాలు పంచేవాళ్ళకి ఏ దేశం గొంతైతే ఏమిటి!

వార్తలు చదవమన్నప్పుడు మాత్రం యాస తీసేయమన్నారు. తీసేసింది. ఏళ్ళ తరబడి ఇస్త్రీ చేసిన ఇంగ్లీషులో చదివింది. చివరికి మా చిన్న స్టేషన్లో కూడా అలవాటుకొద్దీ అదే గొంతు. వాళ్ళమ్మ మాట్లాడిన దీవి భాష ఈ దేశపు రేడియోలో ఆవిడ నోట ఒక్కసారి కూడా వినపడలేదు.

అప్పుడు ఆవిడ గొంతులో గడ్డ బయటపడింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. సోమవారం పొద్దున ఆపరేషన్ అని ఖాయమైంది. ఆవిడ ఏడవలేదు, ఇంట్లో కూర్చుని నాటకం రాసింది. అచ్చంగా దీవి భాషలో, తను ఒక్కతే చదివేలా, ఇరవై నిమిషాల నాటకం. అందులో ఇద్దరు ఆడవాళ్ళు ఒకే కుళాయి దగ్గర బట్టలుతుక్కుంటూ పోట్లాడుకుంటారు. ఒకావిడ రచయిత్రి వాళ్ళమ్మ. రెండో ఆవిడ పొరుగింటి మనిషి. ఆమె ముత్తవ్వ చెరుకుతోటల్లో కూలికని ఓడెక్కి మన వైపు నుంచి వెళ్ళిందట. ఆమెకి మన భాష రాదు. బిందె జారిపడినప్పుడు మాత్రం ఒక్క మాట అంటుంది.

స్టూడియో బయట బెంచీ మీద కూర్చుని ఆ మాట చదివి వినిపించింది: “ఓలమ్మో!”

నేను విజయనగరం దాన్ని. మా నాయనమ్మ నోట్లో రోజంతా నలిగిన మాట అది. ఆ దీవి మనిషి నోట అదే సాగదీతతో వినేసరికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

“మీవాళ్ళు ఇక్కడ నవ్వుతారా, ఊరుకుంటారా?” అని అడిగింది పెన్సిలు పట్టుకుని. ఆవిడ పనిచేసే పద్ధతి అది. ఏ నాటకమైనా ముందు జనం ఎదుట చదవాలి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ కదలకుండా కూర్చున్నారో పక్కన గీత పెట్టుకోవాలి. ఆ తర్వాతే రికార్డింగు. జనం వినని నాటకాన్ని మైకు ముందు చదవడం ఆవిడకి చేతకాదు.

సంఘం వాళ్ళ ఉగాది వేడుక ఆపరేషన్ ముందు శనివారమే. ఎగిరి గంతేసి ప్రెసిడెంటుకి ఫోన్ చేశాను. మంచి కుర్రాడే, ఐటీలో పెద్ద ఉద్యోగం.

“సూపర్ ఐడియా అక్కా! మల్టీకల్చరల్ యాంగిల్ కూడా కవర్ అయిపోతుంది. కానీ డైరెక్ట్‌గా చదివించేస్తే బాగోదు కదా, పెద్దావిడ. ఫస్ట్ చిన్న ఫెలిసిటేషన్ చేద్దాం.”

“అవేం వద్దు నాయనా. సోమవారం ఆవిడ గొంతు తీసేస్తారు. నాటకం చదవనిస్తే చాలు.”

“అయ్యో, అలా ఎలా అక్కా! ఫైవ్ మినిట్స్, అంతే.”

ఆ ఐదు నిమిషాలు నా కళ్ళారా చూశాను. ముందు ప్రెసిడెంటు మాట్లాడాడు. తర్వాత సెక్రటరీ, తర్వాత మాజీ ప్రెసిడెంటు, తర్వాత ఇళ్ళు అమ్మే స్పాన్సరు గారు. ఒకాయన ఫోన్లో చూస్తూ ఆవిడని “గ్రేట్ సింగర్” అన్నాడు. ఆవిడ జన్మలో పాడలేదు. శాలువా నాలుగు కొసలకీ నలుగురు వేలాడారు. స్పాన్సరు గారి భార్య ఫోటోలో పడలేదని శాలువా తీసి మళ్ళీ కప్పారు. దండ, బొకే, వీణ బొమ్మ మెమెంటో. ఆవిడ చేతిలో కాగితాలు పట్టుకోడానికి చోటే మిగల్లేదు.

చేతిలోవన్నీ బల్ల మీద పెట్టేసి, కాగితాలు విప్పి, ఆవిడ మైకు దగ్గరికి వంగింది. హాలు కేర్‌టేకరు తలుపు దగ్గర తాళాలు ఆడిస్తున్నాడు. ప్రెసిడెంటు మైకు అందుకుని, “థాంక్యూ మేడం, థాంక్యూ సో మచ్! డిన్నర్ ఈజ్ రెడీ ఎవ్రీవన్!” అన్నాడు.

నేను స్టేజీ ఎక్కి చెయ్యి పట్టుకున్నాను. “ఇరవై నిమిషాలయ్యా! దీనికోసమే కదా తీసుకొచ్చాను!”

“అక్కా, టైం చూడండి. హాల్ హ్యాండోవర్ చెయ్యాలి. నెక్స్ట్ ఇయర్ పక్కా, ప్రామిస్.”

నెక్స్ట్ ఇయర్! ఎవరి గొంతుతోనయ్యా? సిగ్గు లేకపోతే సరి. ఆ మాట గట్టిగానే అన్నాను. అప్పటికే జనం పులిహోర దగ్గర వరస కట్టారు.

కారెక్కాం. దండ ఇంకా ఆవిడ మెడలోనే ఉంది. దాన్ని వేలితో మీటుతూ, “ఈ దేశంలో నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళు చాలామందే ఉన్నారు పిల్లా. దండ వేసి చెప్పింది మాత్రం మీరే” అంది. నేను కారు పక్కకి ఆపేశాను.

ఆదివారం స్టూడియోకి తీసుకెళ్ళి, నేనొక్కదాన్నే ఎదురుగా కూర్చుని చదవమన్నాను. రికార్డింగు ఎర్ర దీపం వెలగగానే వార్తల గొంతు వచ్చేసింది. నున్నగా, యాస లేకుండా. ఆపింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే గొంతు. “ఓలమ్మో” కూడా వార్తల్లాగే పలికింది. ఆవిడే హెడ్‌ఫోన్సు తీసేసి, “చెరిపెయ్” అంది. చెరిపేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడు పలక లాంటి తెర మీద వేలితో రాసి మాట్లాడుతుంది.

కొన్నాళ్ళకి ఆవిడ కూతురు అడిగింది, ఆ సాయంత్రం వీడియో ఏమైనా ఉందా, అందులో అమ్మ తన భాషలో ఒక్క ముక్కైనా అందేమోనని. వీడియో సంఘం పేజీలో ఉంది, కింద ‘ప్రౌడ్ మూమెంట్’ అని కామెంట్లూ ఉన్నాయి. మొత్తం చూశాను. అందరి గొంతులూ ఉన్నాయి. స్పాన్సరు గారి దగ్గు కూడా ఉంది. ఆవిడ మైకు మీదికి వంగుతుంది, నోరు తెరుస్తుంది, అంతే, “థాంక్యూ మేడం” మొదలవుతుంది. ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా ఊపిరి పీల్చిన చప్పుడు తప్ప ఏమీ లేదు. కూతురికి అదే పంపించాను. ఇంకేం పంపను?

మొన్న ప్రెసిడెంటు ఫోన్ చేశాడు. “అక్కా, సర్‌ప్రైజ్! ఈ ఉగాదికి మిమ్మల్నే ఫెలిసిటేట్ చేద్దామని కమిటీ డిసైడ్ చేసింది. రేడియో సర్వీస్‌కి.”

తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేసి అడిగాను, “మైకు ఇస్తారా?”

“ఎందుకివ్వం అక్కా! టూ మినిట్స్ మీ స్పందన.”

సరే అన్నాను. నాటకం కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. దీవి భాష ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నాను; తప్పు పలికితే బల్ల మీద కొడుతుంది. శాలువా ఎవరికైనా కప్పుకోమనండి. ఆవిడని ముందు వరసలో కూర్చోబెట్టి చేతికి పెన్సిలు ఇస్తాను. నేను ఇరవై నిమిషాలూ చదువుతాను. నా చేతిలోంచి మైకు లాక్కోడానికి ఎవడొస్తాడో రమ్మనండి.