ఆరు రాగి వాషర్లు, ఒక మిలట్రీ లారీ

ఆ రోజుల్లో నాలో భయమనేది ఏ మూల దాక్కునేదో గానీ, ఇప్పుడు తలుచుకుంటే నాకే విడ్డూరంగా ఉంటుంది. పాతికేళ్ళ పిల్లని, రెండో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని. పేరు రాయమంటే మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయేది (ఇప్పటికీ అంతే, నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది). పామర్రు దాటాక రోడ్డు పక్కన మా ఆయన డీజిల్ మెకానిక్ షెడ్డు, దాని వెనకే మా ఇల్లు. పెళ్ళయిన కొత్తలో ఆయనకి టీ ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్ళేదాన్ని, తర్వాత పానాలు అందించడానికి, ఇంకొన్నాళ్ళకి ఆయన లారీ కింద పడుకుని ఉంటే పక్కన నిలబడి "ఇంకా గాలి ఉంది, ఆ శబ్దం విను" అని చెప్పడానికి. పానా మీద అంకె చదవలేను గానీ నట్టు చూస్తే ఏ పానా పడుతుందో చెప్పేసేదాన్ని. మా అత్తగారికి ఇదేమీ నచ్చేది కాదు. "కొత్త కోడలి దగ్గర పసుపు వాసన రావాలి గానీ ఈ డీజిలు కంపేమిటే" అనేది.

ఆ ఏడు కృష్ణకి పెద్ద వరదొచ్చింది. లంకలు మునిగాయి. మా పుట్టిల్లు లంకలోనే. నాన్న లేడు, అమ్మ ఒక్కతే ఉండేది. ముందురోజు చివరి పడవలో ఒడ్డుకి చేరినవాళ్ళు వచ్చి చెప్పారు, ఊరంతా బడి మేడ మీద ఉందనీ, మా అమ్మ కూడా అక్కడే ఉందనీ, నీళ్ళు మెట్ల దాకా వచ్చాయనీ, పొద్దున మిలట్రీ వాళ్ళు పడవలు తెస్తారనీ. మా ఆయనేమో సామాన్ల కోసం విజయవాడ వెళ్ళి, రోడ్డు తెగి భవానీపురంలో వాళ్ళ చుట్టాలింట్లో చిక్కుబడ్డాడు. ఇక నేను తెల్లారినప్పటినుంచీ షెడ్డు ముందు నిలబడి ఆ పడవల కోసం రోడ్డు వంకే చూస్తున్నాను.

రానే వచ్చింది, రోడ్డు తెగని సముద్రం వైపు నుంచి. పచ్చ రంగు లారీ, దాని మీద బోర్లించి కట్టిన నాలుగు పడవలు, వాటి సందుల్లో ఎనిమిది మంది జవాన్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ లారీ సరిగ్గా మా షెడ్డు ముందుకొచ్చి ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, ఆగిపోయింది.

ముందు సీటులోంచి ఒక సుబేదారు దిగాడు. మీసాలు రెండు వైపులా చీపురు కట్టల్లా ఉన్నాయి. ఆయనకి తెలుగు ముక్క రాదు. డ్రైవరు మాత్రం శ్రీకాకుళం మనిషి, మా ఆయన కంటే పెద్దవాడు. జవాన్లు బానెట్టెత్తి బిగించిందే మళ్ళీ బిగించారు. సెల్ఫ్ కొడితే ఇంజను లేస్తుంది, రెండు నిమిషాలకి పడుకుంటుంది. ఆ శబ్దం వినగానే నాకు తెలిసిపోయింది.

"డీజిల్ పైపుల్లో గాలి పట్టిందండీ, జాయింట్ల దగ్గర వాషర్లు పోయుంటాయి" అన్నాను.

డ్రైవరు అది సుబేదారుకి హిందీలో చెప్పాడు. సుబేదారు నన్ను జడ నుంచి కాలి మట్టెల దాకా చూసి చాలాసేపు ఏదో చెప్పాడు. డ్రైవరు తెలుగు చేశాడు. "సాబు ఏటంతన్నారంటే, మిలట్రీ బండిని బయటోళ్ళు ముట్టుకోకూడదంటమ్మా. వైర్లెస్సులో సెప్పేరు, మా రిపేరు బండి వొస్తాది."

"ఎక్కడినుంచి?"

"గన్నవరం నుంచి."

"మధ్యలో రోడ్డు లేదు కదండీ. ఈదుకుంటూ వస్తుందా?"

డ్రైవరు ఆ మాట కూడా పొల్లుపోకుండా చెప్పేశాడు. మీసాలు కదిలాయి. నవ్వాడో, పళ్ళు కొరికాడో వాటి వెనక కనిపించలేదు.

"మా అమ్మ ఆ బడి మేడ మీదుంది. మీ రిపేరు బండి వచ్చేలోగా నీళ్ళు మేడెక్కుతాయి. ముందు నన్ను ముట్టుకోనివ్వండి, తర్వాత జైల్లో వేసుకోండి, అని చెప్పండి" అన్నాను.

సుబేదారు గడియారం చూసుకున్నాడు, నిండుగా పోతున్న కాలవ చూశాడు. తర్వాత వీపు మా వైపు పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. వాళ్ళలో ఒప్పుకోవడమంటే అదేనని డ్రైవరు నెమ్మదిగా చెప్పాడు.

కొంగు బిగించి ఎక్కాను. జాయింట్లు విప్పితే ఆరు రాగి వాషర్లు, బిగించి బిగించి రాళ్ళలా గట్టిపడ్డాయి. షెడ్డులో కొత్తవి లేవు, మా ఆయన విజయవాడ వెళ్ళిందే అలాంటి వాటి కోసం. కానీ పాత వాషరుని నిప్పుల్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే రాగి మళ్ళీ మెత్తబడుతుందని ఆయనే నేర్పాడు. పెరట్లో స్నానాల నీళ్ళు కాచే కట్టెల పొయ్యిలో నిప్పుల మధ్య ఆరింటినీ పెట్టి వచ్చి, ఫిల్టరులో చేరిన నీళ్ళు వంచేశాను. తిరిగి వెళ్ళి చూద్దును గదా, పొయ్యి మీద పెళ్ళిళ్ళ గుండిగ, కింద కొత్త కట్టెలు, పక్కన గొట్టంతో ఊదుతూ మా అత్తగారు.

"అత్తయ్యా, ఇందులో నిప్పులేవి?"

"లాగేశానే. ఇంటి ముందుకొచ్చినవాళ్ళని కడుపు మాడ్చి పంపుతామా? ఎప్పుడు తిన్నారో ఏమో, ఆ మీసాలాయన మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

"ఆ నిప్పుల్లో లారీ వాషర్లున్నాయి అత్తయ్యా."

"లారీ సామాను లారీలో పెట్టుకోవాలి గానీ పొయ్యిలో పెడతారటే? నాకు చెప్పొద్దూ?"

బూడిదంతా ఎప్పుడూ పోసే చోటే పోసింది, అంట్లు తోమే చోట. నేను గోనెపట్టా పరిచి జల్లెడ తీసుకున్నాను. డ్రైవరు గొల్లుమని నవ్వి సంగతి చెప్పేసరికి జవాన్లందరూ వచ్చి మా అంట్ల దగ్గర గుండ్రంగా గొంతుక్కూర్చున్నారు. జల్లెడ కాసేపటికి సుబేదారు చేతిలోకే పోయింది. ఆయన జల్లిస్తుంటే నల్ల మీసాలు తెల్లబడుతున్నాయి. ఒకటి దొరికింది, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోది లేదు. బూడిదని మూడుసార్లు జల్లించాం, లేదు. ఒక్క జాయింటు వదులుంటే చాలు, బండి కదలదు. బడి మేడ మీద అమ్మ కళ్ళముందు కనిపించి, నాలుగోసారి జల్లెడ అందుకున్నాను.

అప్పుడే మా అత్తగారు గంజి వార్చడానికి గుండిగ దింపి ఒరగేసింది. మసి అంటకుండా గుండిగ అడుక్కి తడి బూడిద పూసి పొయ్యెక్కించడం మా వైపు అలవాటు. పొయ్యిలోంచి తీసిన ఆ బూడిదే పూసినట్టుంది, ఆ పూతలో, ఎండిన పిడకలో గింజలా, మా ఆరో వాషరు.

"నా గుండిగకి ఉన్నదాని కోసం ఊరంతా జల్లిస్తున్నారేంటే" అంది అత్తగారు, తప్పంతా మాదే అన్నట్టు.

పరిగెత్తి బిగించాను. ఆ ఆరోది రెండుసార్లు కాలిందేమో, అన్నిటికంటే మెత్తగా కూర్చుంది. డ్రైవరు ఇంజను పక్కనుండే డీజిలు చేతిపంపు కొడుతుంటే, గాలి పోయే స్క్రూ వదులు చేసి చూశాను. నురగ వచ్చింది, బుడగలు వచ్చాయి, చివరికి డీజిలు తీగలా సాగింది. స్క్రూ బిగించి, కొట్టమన్నాను. ఇంజను లేచింది. రెండు నిమిషాలు, అయిదు, పది. ఆగలేదు. అత్తగారి అన్నం గుండిగతో సహా లారీ ఎక్కింది, మేడ మీద జనానికి కూడా సరిపోతుందని.

సుబేదారు ఒక పుస్తకం తీసి ఏదో రాసి నా ముందు పెట్టాడు. సంతకం రాదని చెప్పి వేలిముద్ర వేశాను. ఇంకు అడగాల్సిన పని లేకుండానే నా వేలు నల్లగా ఉంది.

"బండి దారిలో మల్లీ ఆగితే ఎవులు సూత్తారు, మెకానిక్కు కూడా రావాలంతన్నారమ్మా సాబు" అన్నాడు డ్రైవరు.

మెకానిక్కట. నేను వెనక్కి తిరిగి చూశాను, మా ఆయన వచ్చాడేమోనని.

దారిలో ఒక్కసారి దగ్గింది, దిగి మళ్ళీ గాలి తీశాను. కృష్ణ కట్ట మీదికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పడవలు నీళ్ళలోకి దిగాయి. నేను ఆ కట్ట మీద ఎంతసేపు నిలబడ్డానో తెలియదు గానీ, మూడో పడవలో అమ్మ కనిపించింది. ఒడ్డుకి దిగి, తడిసిన చీర పిండుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, ఒళ్ళంతా ఆ నలుపేంటి? మీ అత్తగారు చూస్తే నన్నంటుంది, ఏం పెంచావని" అంది. నేను నవ్వుతూ ఏడ్చానో, ఏడుస్తూ నవ్వానో. సుబేదారు ఈసారి కూడా అటు తిరిగి నిలబడ్డాడు.

మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పటి ఇంజన్లకి రోగమేంటో కంప్యూటరే చెబుతుందట, చెవి పెట్టి వినేవాళ్ళతో పనిలేదు. అయినా మిలట్రీ లారీలు వరసగా వెళుతుంటే నడుస్తున్నదాన్ని ఆగిపోతాను, ఏదైనా దగ్గుతుందేమోనని (దగ్గితే నేనేం చేస్తానో నన్నడక్కండి, కూర్చుంటే లేవలేను). ఆ పొద్దున లారీ ఎక్కిన పిల్ల షెడ్డు తలుపు బార్లా తెరిచి, పానాలన్నీ రోడ్డు మీదే వదిలేసి వెళ్ళిపోయింది. నేను ఇప్పుడు పక్కింటికి పచ్చిమిరపకాయలకి వెళ్ళినా తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ ఒకసారి లాగి చూసుకుంటాను. అలా లాగుతున్నప్పుడల్లా ఆ పిల్ల ఎక్కడో లారీలో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. నవ్వనీ, పాపం, దానికేం తెలుసు.