పట్టా అసలుదే

మా ఊరు పెన్‌పహాడ్ దగ్గర. 2003లో నేను డిగ్రీ చదువుతున్నాను. అప్పటికి మా బాపుకూ, పక్కింట్లోనే ఉండే ఆయన తమ్ముడికీ, అంటే మా చిన్నాయనకూ, మాటలు బందై నాలుగేళ్లు. పొలం గట్టు నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని. ఎవరి దగ్గరా కాగితం ముక్క లేదు, రోషం మాత్రం పుట్లకొద్దీ ఉంది. గోడ అవతల తమ్ముడు దగ్గితే బాపు చేతిలో ముద్ద ఆగిపోయేది. ఒక్కరు పలకరిస్తే చాలు, ఇద్దరూ కరిగిపోతారు. కానీ ముందెవరు? చూసి చూసి నాకు ఒళ్లు మండేది.

మా అటక మీద తాతల నాటి కత్తి ఒకటుండేది. మోచేతి దాకా తొడుక్కునే ఇనప తొడుగే దానికి పిడి. ఏటా దసరాకు దించి, చింతపండుతో మెరిసేలా తోమి, బొట్టు పెట్టి మళ్లీ ఎక్కించేవాళ్లం. అది అసలుదో, నాటకాలోళ్లదో కనుక్కు రమ్మని బాపు నన్ను కోదాడ పంపాడు. అక్కడ పాత ఆయుధాల సంగతి తెలిసిన రిటైర్డ్ హిస్టరీ సారు ఉన్నాడు. పాత చీరలో చుట్టి బస్సెక్కితే కండక్టర్ "ఏందమ్మా అది?" అన్నాడు. కర్టెన్ రాడ్ అన్నాను. లగేజీ టికెట్ కొట్టాడు, పాపిష్టోడు!

సారు భూతద్దం పెట్టి చూశాడు. గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "నాటకాల కత్తి రేకులాగా వంగుద్ది. ఇది కొట్టి సాగదీసిన ఉక్కు. రివెట్లు చూడమ్మా, చేత్తో చేసినవి, ఒకటి ఇంకోదానిలా లేదు. ఈ రకం కత్తిని పట్టా అంటారు. సైనికులు వాడిందే, అనుమానం లేదు."

ఎగిరి గంతేశాను. "అమ్మితే బర్రె వస్తదా సార్?"

"పాడిబర్రే వస్తుంది. అవునూ, ఇక్కడ అక్షరాలుండాలే, ఇట్టా అరిగిపోయాయేంటి? దేంతో తోమారు?"

"చింతపండుతోని."

సారు తల పట్టుకున్నాడు. "పాతదనమే గదా తల్లీ దీని విలువ! రెండో బర్రెని పులుసులో కలిపేశారు!"

నవ్వాపుకోలేక బయటికొచ్చి, ఎస్టీడీ బూత్ నుంచి మా ఊళ్లో కిరాణా కొట్టు నడిపే అత్తకు ఫోన్ చేశాను. కొత్తగా నేర్చిన మాట నోట్లో ఆగితేనా! "అత్తా, బాపుకు చెప్పు. పట్టా అసలుదేనంట! తాతల నాటిదంట!"

నేను దిగేసరికి ఊరంతా ఒకటే మాట: వాళ్లకు పొలం పట్టా దొరికిందంట! పరుగున ఇంటికి పోతే వాకిట్లో మంచం మీద చిన్నాయన! ఎదురుగా బాపు, ఏ పట్టానో తెలియక దిక్కులు చూస్తున్నాడు.

"వచ్చినవా బిడ్డా? ఏదీ, సూపియ్యి ఆ పట్టా," అన్నాడు చిన్నాయన.

పొలం పంచాయితీలో కత్తి తీస్తే ఏమనుకుంటాడు? కానీ దాచేదెట్లా? చీర విప్పాను. "ఇదే చిన్నాయనా. గీ కత్తినే పట్టా అంటరంట."

ఇద్దరూ కత్తిని చూశారు, నన్ను చూశారు. తర్వాత బాపు నవ్వాడు చూడండి, పొట్ట పట్టుకుని! చిన్నాయన తువ్వాలతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వీ నవ్వీ బాపు తమ్ముడి వైపు తిరిగాడు.

"మరి పొలం కాయితమైతే లేదు తమ్మీ. ఇగ పోతవా?"

చిన్నాయన కదల్లేదు.

"కాయితానికి భయపడి వచ్చిననుకున్నవా అన్నా? నాలుగేండ్ల సంది ఈ గడప తొక్కనీకి నాకు సాకే దొరకలే."