మంచు దీవులకు పేర్లు పెట్టినవాళ్ళు

అక్క నాలుగో పిల్లకు పేరు పెట్టింది నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఆ రోజు పేజీ ఖాళీగా వదిలేశాను.

ముందు అట్లాసు సంగతి చెప్పాలి. కోస్గిలో మా ముందరి అర్రలో కిరాయికి ఉన్న ఉర్దూ సారు యాభై ఆరులో రాష్ట్రం మారిన మరుసటి ఏడు బదిలీ అయి పోతూ, అట్ట ఊడిన ఇంగ్లీషు అట్లాసు ఒకటి గూట్లో వదిలి వెళ్ళారు. నా చదువు అప్పటికే ఏడో తరగతితో ఆగిపోయింది. కూడబలుక్కుని చదివేంత ఇంగ్లీషు వచ్చు. దేశాలకంటే నాకు పటం అంచులు నచ్చేవి. పైనా కిందా, మంచు సముద్రాల్లో, ఆవగింజలంత చుక్కలు. వాటి పేర్ల కథలు వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండేవి. ఉత్తరాన ఎలుగుబంటి దీవి. అక్కడ దిగినవాళ్ళకు ఎలుగుబంటి ఎదురైందట. ఇంకా పైన ఒకటి ఒంటరి దీవి. దక్షిణాన మోసపు దీవి: బయటినుంచి నిండు కొండలా ఉంటుంది, సందులోంచి లోపలికి పోతే నడుమ అంతా సముద్రమే. ఒక గుంపుకైతే చేరరాని దీవులనే పేరు. పేర్లు పెట్టినవాళ్ళెవరూ అక్కడ కాపురం ఉండలేదు. తిమింగలాల కోసమో సీలు తోళ్ళ కోసమో వచ్చి, చలికి తాళలేక, పేరు రాసుకుని వెళ్ళిపోయారు. మా ఊళ్ళో ప్రతి బండకూ వాగు మలుపుకూ పేరుంది, పెట్టినవాళ్ళెవరో తెలియదు. అక్కడ పెట్టినవాడు తెలుసు, పిలిచే మనిషే లేడు.

నన్ను భయపెట్టినవి పేరు పక్కన ప్రశ్నార్థకం ఉన్న దీవులు. ఎవరో నావికుడు మంచులో చూశానన్నాడు, పేరు పెట్టాడు, పటంలో వేశారు. తరువాత వెళ్ళిన ఓడలకు నీళ్ళే కనబడ్డాయి. దీవి లేకపోయినా పేరు మాత్రం ఏళ్ళ తరబడి అచ్చవుతూనే వచ్చింది.

ఆ ఏడాదే అక్క నాలుగో కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆమె అత్తగారిది షాద్‌నగర్ దగ్గర పల్లె. మొదటి ఇద్దరు పిల్లలకు దేవుళ్ళ పేర్లు పెట్టారు. ఇద్దరూ రెండో నెల చూడలేదు. మూడోదాన్ని పుట్టిన వెంటనే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పెంట పేరే పెట్టి పిలిచారు. అది మూడు నెలలు ఉంది. నాలుగోది, అదీ ఆడపిల్లే, పుట్టగానే మా నాయనమ్మ అసలు పేరే వద్దంది. మేమంతా ఆమెను అవ్వ అంటాం.

“పేరుంటేనే గద సావు పిలిచేది. పేరే లేకుంటే దేన్ని పట్టుకొని పిలుస్తది?”

ఐదో రోజు పిల్లను చేటలో తవుడు మీద పడుకోబెట్టి పెంటకుప్ప మీద వదిలారు. అనుకున్న ప్రకారం, పక్కింట్లో మేకలు కాసుకునే ఆమె వచ్చి నాకు దొరికిందంటూ ఎత్తుకుంది. అవ్వ ఆమెకు చేటెడు తవుడు ఇచ్చి పిల్లను కొన్నది. కొన్నా, మూడేళ్ళు నిండేదాకా ఆ పిల్ల పక్కింటిదనే లెక్క, మేం సాకుతున్నాం అంతే. తల్లి కూడా నాది అనకూడదు. పక్కింటామె రోజూ గోడ మీదినుంచి తొంగి చూసి అక్కను ఆట పట్టించేది.

“నా పిల్లను మంచిగ సాకుతున్నవా లేదా? బక్కగైతే మల్ల గుంజుకపోత.”

అక్క నవ్వేది. ముగ్గురు పోయాక ఆమె నవ్వడం నేనప్పుడే చూశాను.

తొట్టెల ఊపడం నా పని. ఆ పిల్ల నన్ను చూసేది. ఏమని పిలవాలో తెలియక ఊరికే ఊ కొట్టేదాన్ని. మనిషి కాపురముండని మంచుగడ్డకు పేరుంది, చేయి చాస్తే వేలు పట్టుకునే పిల్లకు లేదు. ఓ మధ్యాహ్నం ఒక దీవి పేరును మనసులోనే తెలుగులోకి మార్చుకున్నాను. ఆ పేరుతో మా ఇంట్లో ఎవరూ చనిపోలేదు. పైకి అనలేదు.

ఇరవై రెండో రోజు పిల్లకు ఒళ్ళు కాలింది. మధ్యాహ్నానికి పాలు తాగడం మానేసింది. బాపు, అంటే మా నాన్న, సంతకు పోయి ఉన్నాడు. అవ్వ, అక్క, నేను బస్సెక్కి మహబూబ్‌నగర్ దవాఖానకు చేరాం. చిట్టీలు రాసే కిటికీ దగ్గర అక్క నిలబడింది. లోపలి ఆయన పిల్ల పేరు అడిగాడు. లేదంది. తల్లెవరన్నాడు. అక్క అవ్వ వైపు చూసి, పిల్ల మాది కాదు, పక్కింటిది అంది. అట్లయితే తల్లిని తీసుకురమ్మన్నాడు. వరసలో ఉన్న ముసలామె ఒకతె పకపకా నవ్వింది.

“పక్కింటి పిల్లకు నీ రైకెందుకు తడిసిందమ్మా?”

అక్క కొంగు కప్పుకుని వెనక్కి వచ్చేసింది. కూచున్న చోట అవ్వ కాళ్ళు పట్టుకుని అడిగింది, నాదేనని ఒక్కమాట చెప్తానని. అవ్వ ఏడుస్తూనే వద్దంది. ముగ్గురిని నా చేతులతో సాగనంపాను, ఇదొక్కటైనా దక్కనియ్యమంది. అక్క ఒళ్ళో పిల్ల పొట్ట ఎగిరెగిరి పడుతోంది. ఆ ఇద్దరూ ఆ పిల్లను బతికించాలనే చూస్తున్నారు. ఇద్దరూ కదలడం లేదు.

నేను పరాయి మగవాళ్ళతో మాట్లాడి ఎరగను. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటున ఉండేదాన్ని. నీళ్ళు తెస్తానని చెప్పి లేచాను. కిటికీలో చిన్న గొంతుతో అక్క పేరు చెప్పాను, పిల్ల పేరు చెప్పాను. వినబడలేదన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాను. లోకంలో ఆ పేరును ఎవరైనా పైకి అన్నది ఆ రెండుసార్లే. ఆయన రిజిస్టరులో రాసుకుని చిట్టీ ఇచ్చాడు. ఎట్లా ఇచ్చాడని అక్క అడగలేదు. పిల్లను ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది.

డాక్టరమ్మ సూది వేసింది, గొట్టం పెట్టింది, చాలాసేపు పక్కనే నిలబడింది. మరునాడు పొద్దెక్కాక పిల్ల పోయింది. ఆ పేరు మాత్రం రిజిస్టరులో ఉండిపోయింది, పక్కన ప్రశ్నార్థకం కూడా లేకుండా.

ఇంటికి వచ్చాక అవ్వ వాకిట్లో కూలబడింది.

“ఎవరో పిలిసిండ్రు దాన్ని. లేకుంటే సావుకు దారెట్ల దొరికింది?”

అందరి చూపులూ గోడవతల ఉన్న పక్కింటామె మీదికి పోయాయి. ఆమె ఆ పిల్లను బంగారమని ముద్దు చేసేది. పేరు పెట్టి పిలిచానేమో అనుకుని పాపం ఆమే తలవంచుకుంది. అవ్వ ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడలేదు. నేను చెప్పలేదు. పేరుకూ జ్వరానికీ సంబంధం లేదని పగలు నాకు నేనే చెప్పుకుంటాను. ఆలస్యమే చంపిందని, కిటికీ దగ్గరికి ముందే పోవలసిందని చెప్పుకుంటాను. అది కూడా నా తప్పే అవుతుంది. ఎటు తిరిగినా నా దగ్గరికే వస్తుంది. ఆ పేరు ఇక్కడ కూడా రాయను. ఎవరైనా చదివి అక్కకు చెబుతారని భయం.

పదిహేను రోజులకు బావ వచ్చి అక్కను తీసుకుపోయాడు. పుట్టింటి నీళ్ళు పడడం లేదని అత్తవారు మళ్ళీ పంపలేదు. రెండేళ్ళు దాటింది. తీసుకుపోయిన ఆ రోజు బస్సు దగ్గర, బావ మూట పైకి వేస్తుండగా, అక్క నా చెయ్యి పట్టుకుని నాతో చివరిసారి మాట్లాడింది.

“ముగ్గురిని పేరు పెట్టి ఏడ్సిన. దీన్నేమని ఏడ్వాలె, చెల్లె? ఏదన్న ఉంటే చెప్పు.”