జలపతి బావ ఇంటర్వ్యూ

మల్యాలలో మా జలపతి బావ చేతి వంట తెలియనివాళ్లు లేరు. ఇరాక్‌లో అమెరికా వాళ్ల క్యాంపులో ఏళ్ల తరబడి వండాడు. కొడుకు జగదీశ్‌కు కూడా గరిటె పట్టడం నేర్పి, అక్కడే ఒక చైనా కంపెనీ మెస్సులో పెట్టించాడు. "అటు నేను, ఇటు వాడు. ఎవడు గెలిచినా మన పొయ్యి ఆరది" అని నవ్వేవాడు. ఆంబోతులు కొట్లాడితే నలిగేది లేగలేనని ఆయనకెవరు చెప్పాలి?

ఆ క్యాంపు మూతపడి బావ ఇల్లు చేరాడు. మక్కజొన్న చేను వరుసగా రెండేళ్లు ముంచింది. మళ్లీ అమెరికా వాళ్ల క్యాంపుకే, ఈసారి కువైట్‌కు, వంటవాళ్లు కావాలంటే జగిత్యాల ఏజెంటు దగ్గరికి ఉరికాడు. ఫోన్‌లో ఇంటర్వ్యూ. చైనా వాళ్ల దగ్గర మీవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగారు. "నా కొడుకే సార్, నాలాగే వండుతాడు" అని గొప్పగా చెప్పాడు. అంతే, ఆ ఉద్యోగం పోయింది. పప్పులో ఉప్పెంతో తప్ప ఈ తండ్రీకొడుకులకు తెలిసిన రహస్యమేముంది? నాకు ఒళ్లు మండిపోయింది.

అలాంటి క్యాంపుకే ఇంకో కంపెనీ పిలిచింది. "గీసారి కొడుకు ముచ్చట ఎత్తకే కాకా" అని ఏజెంటు ముందే చెప్పాడు. బావ ఇంట్లోనే కూర్చుని నా ఫోన్‌లో మాట్లాడాడు. మా అక్క రాజలక్ష్మి కూతురు మనీషాతో వంటింటి గడపలో నిలబడింది. మళ్లీ అదే ప్రశ్న. బావ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"కొడుకు లేడు సార్. ఒక్కతే బిడ్డ, మనీషా."

ఉద్యోగం ఖాయమన్నారు. ఇంట్లో ఒక్కరం కూడా సంతోషపడలేదు. అక్క అన్నం వడ్డించింది కానీ బావ మొహం చూడలేదు. ఆయన కంచంలో చెయ్యి పెట్టేలోపే ఫోన్ మోగింది. జగదీశ్.

"ఎత్తు. లేనోడు ఫోన్ చేస్తుండు" అంది అక్క.

బావ ఎత్తాడు. స్పీకర్‌లో పిల్లవాడి గొంతు.

"నాయినా, ఈడ అందరినీ పిలిచి అడుగుతున్నరే. మీ ఇంట్లోళ్లు ఎవలన్న అమెరికోళ్ల కాడ పని చేసిండ్రా అని. రేపు నా వంతు. నీ గురించి ఏం చెప్పాలె?"

బావ కంచం పక్కకు జరిపాడు.

"లేడని చెప్పు కొడుకా," అన్నాడు. "నేను గూడ గట్లనే చెప్పిన."