ఈథర్ సీసాలో పోసిన వేరే మందు

1971 జూన్‌లో నన్ను గోదావరిఖనిలోని ఒక దవాఖానలో ఆపరేషన్ థియేటర్ అటెండరుగా వేశారు. దవాఖాన పేరు రాయను. జరిగిన తప్పు దానిది కాదు, నాది. అంతకుముందు తొమ్మిదేళ్లు బొగ్గుబాయిలో, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బులకు బొగ్గు నింపాను. పైకప్పు కూలి పక్కటెముకలు విరిగాక, లోపలి పనికి పనికిరానని రాశారు. పైన ఏదైనా పని ఇమ్మని తిరగ్గా తిరగ్గా ఈ ఖాళీ దొరికింది.

థియేటర్ పనికి వేలిముద్రగాళ్లను తీసుకోరు. మా బాయి మీద అప్పట్లో ఒక అలవాటు ఉండేది. హాజరు పుస్తకంలో సంతకం పెట్టేవాడిని చదువుకున్నవాడిగా, వేలు అద్దేవాడిని చదువు రానివాడిగా లెక్కగట్టేవారు. నేను నా పేరును బొమ్మ గీసినట్టు గీయడం నేర్చుకున్నాను. అంతకు మించి ఒక్క అక్షరం రాదు. గుమాస్తా ఆ సంతకం చూసి నన్ను ఖాయం చేశాడు. చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

రోజూ పొద్దున మత్తు మెషీన్ సిద్ధం చేయడం నా పని. అందులో ఆక్సిజన్, నైట్రస్ అనే మత్తుగాలి సిలిండర్ల నుంచి వస్తాయి. ఆ గాలి ఒక గాజు సీసాలోని ఈథర్ మీదుగా పోయి, దాని ఆవిరిని మోసుకుని రోగి ముఖం మీది మాస్కులోకి వెళ్తుంది. సీసా మీద ఒక మీట ఉంటుంది. ఎంత జరిపితే అంత ఎక్కువ గాలి ఈథర్‌ను తాకుతుంది. అయితే ఎంత ఆవిరి పోతున్నదో ఆ మీట చెప్పదు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ నాడి పట్టుకుని, ఊపిరి చూసి, కనురెప్ప ఎత్తి అంచనా కట్టేది.

సిలిండర్లను రంగు చూసి గుర్తుపట్టేవాణ్ని. ద్రవాలను వాసన చూసి. ముక్కు మీద నాకు బాగా నమ్మకం. బాయిలో బొగ్గు తనంతట తాను వేడెక్కితే మంట రాకముందే కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. మా గ్యాంగులో దాన్ని అందరికంటే ముందు పట్టేది నేనే. అంత పలచటి వాసనే పట్టినవాడికి ఈథర్ ఘాటు ఒక లెక్కా అనుకునేవాణ్ని.

మరుసటి ఏడు వానాకాలంలో స్టోరు నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో ఈథర్‌తో పాటు హాలోథేన్ సీసా ఒకటి ఉంది. అది ఈథర్ కంటే చాలా బలమైన మందు. దానికి వేరే పాత్ర ఉండాలి. నూటికి ఎన్ని పాళ్లు ఆవిరి పోతున్నదో చూపే అంకెల చక్రం ఆ పాత్ర మీద ఉంటుంది. మందు ముందొచ్చింది, పాత్ర ఇంకా రాలేదు. హాలోథేన్‌ను విడిగా బీరువాలో పెట్టి తాళం వేయమని డాక్టరమ్మ చెప్పింది. రెండూ గోధుమరంగు సీసాలే. నాకు మూడు రోజులుగా జలుబు, ముక్కు దిబ్బడ. మూతలు తీసి చూస్తే ఏదీ తెలియలేదు. ఎవరినైనా అడిగితే నా గుట్టు బయటపడుతుంది. నాకు తోచిన సీసాను బీరువాలో పెట్టి తాళం వేశాను. అది ఈథర్.

మర్నాడు పొద్దున బయట మిగిలిన మందును ఈథరే అనుకుని మెషీన్ సీసాలో పోశాను. అప్పుడే కొమురయ్యను తెచ్చారు. నాతో పాటు బాయిలో దిగినవాడు, బావా అంటే బావా అనుకునేవాళ్లం. టబ్బుల మధ్య ఇరుక్కుని ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది. అంత నొప్పిలోనూ నన్ను చూసి ఎగతాళి చేశాడు.

"ఏం బావా, నువ్వా మందు పోసేది? కల్లు పోసినట్టు పొయ్యకు, మళ్ల లేవను."

"సప్పుడు చెయ్యక పండు బావా. నువ్వు లేవకుంటె మా అక్క నన్ను బతకనిస్తదా?"

వాడి భార్య రాజవ్వ బయట వరండాలో కూర్చుని ఉంది. ఆమెనే నేను అక్కా అనేది.

ఈథర్ పీలిస్తే ఎవరైనా దగ్గుతారు, కొట్టుకుంటారు. చేతులు పట్టుకోవాలి. కొమురయ్య దగ్గలేదు. అలా సోలిపోయాడు. ఇవాళ తేలికగా అయిందని సంతోషపడ్డాను. డాక్టరమ్మ రోజూలాగే మీటను సగం దాకా జరిపింది. కాసేపటికి తలెత్తింది.

"ఓదేలూ, ఈథర్ వాసన రావట్లేదేంటి?"

"నాకు జలుబమ్మా."

ఆమె మాస్కు ఎత్తి వాసన చూసింది. తియ్యటి వాసన, హాలోథేన్‌ది. మీట మూసేసింది. అప్పటికే దవడ కింద నాడి అందడం లేదు. సర్జన్ కత్తి పక్కన పడేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. ఆమె ఆక్సిజన్ సంచి పిసుకుతూనే ఉంది. ఎంతసేపో నేను గడియారం చూడలేదు. గుండె మళ్లీ కొట్టుకుంది.

తర్వాత ఆమె ఖాళీ సీసా నా ముఖం ముందు పెట్టి చదవమంది.

"సదువ రాదమ్మా."

"ఏడాది నుంచీ నీ చేతిని నమ్మి ఇంతమందిని పడుకోబెట్టానా?"

ఆమె రిపోర్టులో నా తప్పు రాసింది. సీసా మీది పేరు తాను చూడకపోవడం తన తప్పని కూడా రాసింది. నన్ను బట్టలుతికే గదికి మార్చారు.

రెండు రోజుల తర్వాత నడుముకు మత్తుసూది ఇచ్చి కొమురయ్య కాలు తీసేశారు. గుండె ఆగినప్పుడు మెదడుకు గాలి అందక, కళ్లు తెరిచినా పెళ్లాన్ని గుర్తుపట్టలేదు. వరండాలో రాజవ్వకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

"గిదంత నాకెందుకు చెప్తున్నవ్ తమ్మీ? చెప్తె ఆయనకు నేనెవలో ఎరుకైతదా?" అంది. మళ్లీ ఆమే, "ఆయనను లేపి తానం పోయించుడు నా ఒక్కదానితోని కాదు. వస్తవా?" అంది.

వస్తానన్నాను. వాళ్లు మందమర్రిలో ఉండేవారు. ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయి వాడికి స్నానం చేయించేవాణ్ని. ప్రతిసారీ నన్ను చూసి "ఎవలు నువ్వు?" అనేవాడు. పేరు చెప్పేవాణ్ని. ఐదేళ్లు అలా గడిచాక పోయాడు. రాజవ్వ ఆ ఐదేళ్లలో నాతో పనికి సరిపడా మాటలే మాట్లాడింది.

ఆ తప్పు జరిగిన ఏడే కార్మికుల సాయంత్రం బడిలో చేరి, ముప్పై ఆరేళ్ల వయసులో అక్షరాలు దిద్దాను. రెండేళ్లకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. డాక్టరమ్మే నన్ను మళ్లీ థియేటర్‌కు అడిగి తీసుకుంది. అప్పటి నుంచి మందు పోసే ముందు నేను సీసా మీది పేరు పైకి చదవాలి, ఆమె కూడా చదవాలి, ఆ తర్వాతే మూత తీయాలి. రిటైరయ్యేదాకా ఒక్కరోజూ తప్పలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పని రాకపోవడం పెద్ద తప్పేమీ కాదు, నేర్చుకోవచ్చు. రాదన్న సంగతి దాచి పనిలో నిలబడితే, దాని ఫలితం అనుభవించేది బల్ల మీద పడుకున్నవాడు.